ఆపరేషన్ అయింది, కాటా మీద నెంబరే కదలట్లేదు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. మాది బరంపురం, ఇంట్లో తెలుగు, బయట ఒడియా. నాకు 43 ఏళ్లు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. వైజాగ్‌లో స్లీవ్ ఆపరేషన్ (బరువు తగ్గడానికి పొట్టలో చాలా భాగం తీసేసేది) చేయించుకుని ఎనిమిది నెలలయింది. అప్పుడు 118 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 87. మొదట్లో వారం వారం దిగేది, ఈ అయిదు వారాలనుంచి 87 దగ్గరే కూర్చుంది. రోజూ లేవగానే మిషన్ ఎక్కడం, ఏడుపు మొహంతో దిగడం. నేనేం ఎక్కువ తినట్లేదండి. పొద్దున్న రెండు ఇడ్లీ సాంబారు, పదకొండింటికి టీ, మారీ బిస్కెట్లు, మధ్యాహ్నం చిన్న గిన్నెడు పఖాళ (నీళ్లలో నానిన అన్నం), ఆలూ చకటా (మెదిపిన బంగాళాదుంప), సాయంత్రం మళ్లీ టీ, కొంచెం ముఢీ (మరమరాల) మిక్చర్, రాత్రి ఒక చపాతీ, దాల్మా (కూరగాయలు వేసిన పప్పు). మా ఆడపడుచు "అంత డబ్బు పోసి కడుపు కోయించుకుని ఇదేనా" అంటంది. కడుపు సాగిపోయిందేమోనని భయంగా ఉంది. అయిదు రోజులు ఒట్టి ద్రవాలే తాగితే కడుపు మళ్లీ చిన్నదవుద్దని యూట్యూబ్‌లో చూశాను. చెయ్యొచ్చా, ఏటి చెయ్యమంటారు?

జవాబు: ముందు మీ ఆడపడుచు గారి లెక్క సరిచేద్దాం. మీ ఎత్తుకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 25 అంటే 62 కిలోలు, అంటే ఆపరేషన్ రోజున మీ ఒంట్లో అదనంగా ఉన్నది ఓ 56 కిలోలు, అందులో 31 పోయాయి, సగం పైనే కదా. ఎనిమిది నెలలకి స్లీవ్‌లో ఇది చక్కటి ఫలితం, ఎవరేమన్నా పట్టించుకోకండి.

ఇక ఎందుకు ఆగింది అంటే, 118 కిలోల ఒంటిని మోయడానికి ఖర్చయ్యే శక్తి వేరు, 87 కిలోల ఒంటికి ఖర్చయ్యేది వేరు. పైగా బరువు తగ్గేకొద్దీ ఒళ్లు కూడా పొదుపు మొదలుపెడుతుంది, ఖాళీగా కూర్చున్నప్పుడు ఖర్చు చేసేది కూడా తగ్గించేస్తుంది. అందుకని మొదటి నెలల్లో దింపిన తిండే ఇప్పుడు సరిగ్గా సరిపోయే తిండి అయిపోతుంది. ఈ ఆగడం దాదాపు అందరికీ ఏదో ఒకసారి వస్తుంది, ఇంతమాత్రాన కడుపు సాగిపోయిందని కాదు.

కానీ మీ తిండి చదివాక అసలు సంగతి అక్కడే కనిపించింది. మీరు ఎక్కువ తినట్లేదు, నిజమే, తినాల్సింది తినట్లేదు. స్లీవ్ అయినవాళ్లకి రోజుకి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలి, మీరు రాసిందంతా కూడితే నాకు ముప్పై గ్రాములు కూడా కనిపించట్లేదు. ప్రొటీన్ తక్కువైతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, కండ కరిగితే ఒంటి ఖర్చు ఇంకా పడిపోతుంది, దాంతో కాటా కూడా మొరాయిస్తుంది.

ఇంకోటి ఏంటంటే, సన్నటి గొట్టంలా మిగిలిన పొట్ట గట్టి తిండికి అడ్డం పడుతుంది గానీ మెత్తగా జారిపోయేవాటికి పడదు. పఖాళ అలాంటిదే, నీళ్లూ అన్నమూ కలిసే దిగిపోతాయి, గంటకే మళ్లీ ఖాళీ. (బరంపురం వేసవిలో పఖాళ మానెయ్యమని చెప్పేంత దుర్మార్గురాల్ని కాను, వారంలో రెండు మూడు రోజులు పెట్టుకోండి, ముందు చేప ముక్క తిని తర్వాత ఆ గిన్నె ముట్టుకోండి.) ముఢీ సంగతీ అంతే, గుప్పెడు నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది, ఎన్ని గుప్పెళ్లు తిన్నారో చెయ్యికీ తెలీదు, పొట్టకీ తెలీదు. మిక్చర్‌లో ఉన్న నూనె దానికి తోడు. టీలో పంచదార, మారీ బిస్కెట్లు, అన్నీ కలిపితే మీ మధ్యాహ్నం భోజనం కన్నా ఎక్కువే అవుతాయి.

మార్చాల్సింది పెద్దగా ఏం లేదు. పొద్దున్న ఒక ఇడ్లీ తగ్గించి గుడ్డు కలపండి, గుడ్డుకి ఆరు గ్రాములు వస్తుంది. మధ్యాహ్నం వంద గ్రాముల చేపో చికెనో అయితే ఇరవై గ్రాముల దాకా, శాకాహారమైన రోజు మీ ఊళ్లో దొరికే తాజా ఛెనా (పాలు విరగ్గొట్టి తీసేది) వంద గ్రాములు, అది కూడా మంచిదే, కానీ ఛెనా పోడా మిఠాయి దాని చుట్టం అనుకోకండి, అందులో పంచదార ఎక్కువ. సోయా బడీలు (మీల్ మేకర్) నీళ్లలో నానబెట్టి పిండి కూరలో వెయ్యండి. సాయంత్రం ముఢీ బదులు ఉడికించిన శెనగలు. ఏ పూటైనా ప్రొటీన్ ముందు, కూర తర్వాత, అన్నం చపాతీ ఆఖర్న. నీళ్లు భోజనంతో కాదు, తిన్నాక అరగంట ఆగి, అలా రోజంతా కలిపి లీటరున్నర, రెండు లీటర్లు.

యూట్యూబ్ అయిదు రోజుల ద్రవాలు వద్దండి. దాంతో కడుపు చిన్నదవదు, దిగే ఒకటి రెండు కిలోలు ఎక్కువగా నీళ్లే, తిండి మొదలెట్టగానే తిరిగొస్తాయి, పైగా ప్రొటీన్ ఇంకా పడిపోతుంది.

నడకొక్కటే చాలదు, కండ నిలబడాలంటే బలం పెట్టే పని కూడా ఉండాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం కూర్చోవడం ఓ పదిసార్లు, లీటరు నీళ్ల సీసా రెండు చేతుల్తో పైకెత్తడం, వారానికి మూడు రోజులు చాలు. మిషన్ మాత్రం వారానికొకసారే ఎక్కండి, నెలసరి ముందు రోజుల్లో అస్సలు ఎక్కొద్దు, అప్పుడు ఒంట్లో నీళ్లు నిలుస్తాయి. నడుం కొలత టేపుతో రాసుకోండి, కాటా ఆగిన వారాల్లో కూడా అది దిగుతుండొచ్చు.

ఈ మార్పులు ఓ రెండు నెలలు చేసినా కదలకపోతే మీ సర్జన్ దగ్గరికి వెళ్లండి. థైరాయిడ్, బి12, ఐరన్, విటమిన్ డి చూపించుకోండి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ, స్టెరాయిడ్ గానీ, కొన్ని డిప్రెషన్ మాత్రలు గానీ వాడుతుంటే బరువు దిగడం కష్టం కావచ్చు, అది డాక్టరుకి చెప్పండి, మీరే ఆపెయ్యకండి. బరువు తగ్గించే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ సూదుల గురించి కూడా ఆయన్నే అడగండి, మందుల షాపువాడిని కాదు. అన్నట్టు ఐరన్ మాత్ర కాల్షియంతో కలిపి, టీతో కలిపి వేసుకుంటున్నారా? రెండు మాత్రలకీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి.

ప్రశ్న: రాయగడ నుంచి రాస్తున్నాను. మా ఆవిడకి బరువు తగ్గడానికి బైపాస్ (గుండెది కాదు, పొట్టది) అయ్యి మూడో వారం, మొదటి రెండు వారాల్లో ఎనిమిది కిలోలు దిగింది, ఇప్పుడు వారం రోజులుగా ఒక్క గ్రాము లేదు. ఆపరేషన్ ఫెయిలయినట్టేనా?

జవాబు: కాదు బాబూ, మూడో వారం ఆగడం చాలామందికి జరిగేదే. మొదట్లో కాలేయంలో, కండలో దాచుకున్న గ్లైకోజెన్ (చక్కెర నిల్వ) ఖర్చయిపోతుంది, ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో మూడు గ్రాముల నీళ్లు పట్టుకుని ఉంటుంది, అది పోతే ఈ నీళ్లూ పోతాయి, కాటా గబగబా దిగుతుంది. తర్వాత ఒళ్లు కొంచెం నీళ్లు వెనక్కి తీసుకుంటుంది, లోపల కొవ్వు కరుగుతున్నా పైకి కనపడదు. వారం పది రోజులు అటూఇటూగా మళ్లీ కదులుతుంది. ఈలోపు డాక్టరు చెప్పిన తిండి దశ దాటి ముందుకెళ్లొద్దు, పాయసాలూ జ్యూసులూ పెట్టొద్దు, బైపాస్‌లో తీపి పడితే చెమటలు, గుండె దడ, విరోచనాలు రావచ్చు. నొప్పి మాత్రలు షాపులో కొనివ్వకండి, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి బైపాస్ అయినవాళ్లకి పుండ్లు పుట్టిస్తాయి. జ్వరం, గుండె వేగం, కడుపు నొప్పి, ఆగని వాంతులు, నీళ్లు కూడా నిలవకపోవడం, వీటిలో ఏదున్నా నా జవాబు కోసం ఎదురుచూడకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి.