హనుమకొండలో బాక్సింగ్ జిమ్ మారాలా, అదే సార్ దగ్గర ఉండాలా?

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. వయసు 19, డిగ్రీ రెండో సంవత్సరం, నయీంనగర్ దగ్గర ఒక చోట ఏడాదిన్నరగా నేర్చుకుంటున్నావు, సార్ ఇంకా జ్యాబ్, క్రాస్ (ముందు చేతి, వెనక చేతి తిన్నటి గుద్దులు) దగ్గరే ఆపాడు, నీ వెనక చేరిన పిల్లలు స్పారింగ్ (ఎదురెదురుగా ప్రాక్టీస్ ఫైట్) చేస్తున్నారు, సార్ సగం టైం ఫోన్లోనే ఉంటాడు. హంటర్ రోడ్డు వైపు కొత్త జిమ్ పెట్టారు, అక్కడ అసలు రింగే ఉంది, కానీ ఫీజు డబుల్. పైగా మీ సార్ మీ మామకు దోస్తు, మారితే ఇంట్లో మాట వస్తుందని టెన్షన్. అంతే కదా.

నేను రెండుసార్లు మారాను, ఒకసారి తప్పు కారణానికి, ఇంకోసారి సరైన కారణానికి. ఆ తేడా చెప్తే నీకు పనికొస్తుందేమో.

2008లో మాది కాజీపేట. మొదట నేర్పిన సార్‌కు జిమ్మే లేదు. గ్రౌండ్‌లో నాలుగు కర్రలు పాతి తాడు కట్టాడు, అదే రింగు. గోనెసంచిలో పాత బట్టలు, రంపపు పొట్టు కుక్కి వేపచెట్టుకు వేలాడదీశాడు, అదే బ్యాగు. నాలుగు నెలలు జ్యాబ్ ఒక్కటే కొట్టించాడు. ఎడమ చెయ్యి వెళ్లాలి, వెళ్లిన దారినే గడ్డం దగ్గరికి తిరిగి రావాలి, కొంచెం కిందికి జారినా సార్ చేతిలో ఉన్న చెప్పు నా చెంప దాకా వచ్చి ఆగేది (కొట్టేవాడు కాదు, చూపించేవాడు). నాకు విసుగొచ్చింది. అదే టైంలో హనుమకొండలో ఒక చోట నిజమైన రింగు, గోడ నిండా అద్దం, మ్యూజిక్. సార్‌కు చెప్పకుండా వెళ్లిపోయాను. ఇప్పుడు అడిగితే చెప్తాను, నేను మారింది బాక్సింగ్ కోసం కాదు, అద్దం కోసం.

కొత్త చోట మొదటి వారంలోనే స్పారింగ్. భలే అనిపించింది. నా బరువు 60 కిలోలు, ఎదురుగా ఎవరు ఖాళీగా ఉంటే వాడే. ఎనిమిదో నెలలో 75 కిలోల అన్న ఒకాయన ఎడమ హుక్ (పక్క నుంచి తిప్పి కొట్టే గుద్దు) కొట్టాడు, ఆ దెబ్బ నాకు గుర్తులేదు, కిందపడి పైన ఫ్యాన్ చూడడం మాత్రం గుర్తుంది. అక్కడి కోచ్ బయట ఎవరితోనో మాట్లాడుతున్నాడు, లోపలికొచ్చి "ఏం కాదు, నీళ్లు కొట్టుకో, లే" అన్నాడు. మర్నాడు మళ్లీ స్పారింగ్ చేశాను. మూడు రోజులు తలనొప్పి, వెలుతురు చూస్తే వాంతి వచ్చేలా ఉండేది. చాయ్ తాగి పది నిమిషాలకే మా అమ్మను చాయ్ అడిగాను, అమ్మ మొదట నవ్వింది, తర్వాత నవ్వడం ఆపి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది.

ఆ తర్వాత తెలుసుకున్నాను, అమెచ్యూర్ (ప్రొఫెషనల్ కాని) బాక్సింగ్ రూల్స్ ప్రకారం తలకు తగిలిన దెబ్బతో నాకౌట్ అయితే కనీసం 30 రోజులు బౌట్ (పోటీ ఫైట్) కాదు కదా స్పారింగ్ కూడా వద్దంటారు, మూడు నెలల్లో రెండోసారి అయితే 90 రోజులు, ఏడాదిలో మూడుసార్లు అయితే ఏడాది మొత్తం. ఇది ఆ కోచ్‌కు చెప్తే నవ్వాడు, "హెడ్ గార్డ్ ఉంది కదరా" అన్నాడు. హెడ్ గార్డ్ చర్మం చిట్లకుండా ఆపుతుంది, లోపల మెదడు కుదుపును ఆపదు. పెద్ద పోటీల్లో మగవాళ్లకు 2013 నుంచి అదే తీసేశారు కూడా. ఆ రోజే అక్కడ మానేశాను.

మూడో చోట సార్ మొదటి రోజు బ్యాగు ముట్టనివ్వలేదు. తల మీద దెబ్బలు తగిలాయా, ఎన్నాళ్లయింది, ఇప్పుడు నిద్ర బాగా పడుతుందా అని అడిగాడు. తర్వాత ప్యాడ్స్ పట్టి రెండు నిమిషాలు కొట్టించి "జ్యాబ్ ఎవరు నేర్పార్రా, ఇది బాగుంది, మిగతాదంతా పాడైంది" అన్నాడు. గోనెసంచి సార్ గుర్తొచ్చి సిగ్గేసింది.

అందుకే నేను రింగు, ఏసీ, ఫీజు చూడను. నువ్వు అలిసిపోయినప్పుడు నిన్ను ఎవరు చూస్తున్నారు, అదొక్కటే చూస్తాను. బౌట్ అంటే మూడు రౌండ్లు, ఒక్కోటి 3 నిమిషాలు, మధ్యలో నిమిషం గ్యాప్. మొదటి రౌండ్లో అందరి గార్డూ (ముఖానికి అడ్డం పెట్టిన చేతులు) బాగానే ఉంటుంది. మూడో రౌండ్లో చేతులు బరువెక్కి కిందికి దిగినప్పుడు "చెయ్యి లేపు" అనేవాడు, లేదా "చాలు, ఆపు" అనేవాడు పక్కన ఉన్నాడా లేడా?

ఈ లెక్కన మీ సార్ నిన్ను ఇంకా స్పారింగ్‌కు దింపకపోవడం తప్పు కాకపోవచ్చు. నువ్వే రాశావు, వారానికి మూడు రోజులు వెళ్తానని, సెమిస్టర్ పరీక్షలప్పుడు నెల మానేశానని. రోజూ వచ్చేవాడిని దింపి నిన్ను ఆపాడంటే నాకు ఆయన మీద అనుమానం రాదు, కాస్త గౌరవమే వస్తుంది. కానీ పిల్లలు కొట్టుకుంటుంటే ఫోన్ చూసుకుంటాడన్నావు చూడు, అది మాత్రం చిన్న విషయం కాదు. వాట్సాప్ చూస్తున్నాడా, రౌండ్ టైమర్ పెట్టుకున్నాడా గమనించు, ఈ మధ్య చాలామంది టైమర్ ఫోన్లోనే పెడుతున్నారు. వాట్సాపే అయితే, పక్కన ఎవరూ చూడకుండా పిల్లల్ని గుద్దుకోనిస్తున్నాడంటే, కొత్త జిమ్ దొరికినా దొరక్కపోయినా అక్కడి నుంచి వచ్చెయ్. దానికి మామ పర్మిషన్ అక్కర్లేదు.

అలా కాకపోతే ముందు ఆయన్నే అడుగు. క్లాసు మధ్యలో కాదు, అందరూ వెళ్లాక. "సార్, ఈసారి జిల్లా సెలక్షన్స్ ఆడాలనుంది, నాలో ఏం తక్కువుంది?" అను. "రెండో రౌండుకే కాళ్లు ఆగిపోతున్నాయి, రోజూ పొద్దున్నే పరుగెత్తు, నెల తర్వాత చూద్దాం" లాంటిది ఏదైనా చెప్తే ఆయన నిన్ను చూస్తున్నట్టే, ఒక నెల ఇచ్చి చూడు. "చూద్దాంలే, కష్టపడు" అని ఊరుకుంటే ఏడాదిన్నరలో నిన్ను చూడనేలేదని అర్థం.

కొత్త జిమ్ వాళ్ల ఫ్రీ ట్రయల్‌ను నమ్మకు, ట్రయల్ రోజు ఎవరైనా బాగానే చూసుకుంటారు. మూడు నాలుగు సాయంత్రాలు ఊరికే వెళ్లి పక్కన కూర్చో. బరువులు చూసి జత చేస్తున్నారా? స్పారింగ్‌కు 14, 16 ఔన్సుల గ్లవ్స్ ఇస్తున్నారా, లేక పోటీల్లో వాడే 10 ఔన్సులవే తొడిగి దింపుతున్నారా? ఒకడికి గట్టిగా తగిలితే కోచ్ ఏం చేస్తున్నాడు? అసలు కోచ్ ఉంటాడా, పోస్టర్ మీద ఆయన ఫొటో, లోపల నేర్పేది ఆర్నెల్ల కిందట చేరిన సీనియరా? (ఇది చాలా చోట్ల చూశాను.) ఏడాది ఫీజు ఒకేసారి కడితే డిస్కౌంట్ అంటారు, కట్టకు, నెల నెలా కట్టు.

దూరం కూడా లెక్కవేసుకో. మే నెలలో మన దగ్గర ఎండ తెలుసు కదా, పొద్దున 5:30 బ్యాచ్ కోసం రెండు ఆటోలు మారాలంటే మొదటి పది రోజులు వెళ్తావు, తర్వాత ఉన్నదీ పోతుంది. రెండు చోట్లా ఒకేసారి వెళ్దామనే ఆలోచన ఉంటే మానుకో, ఒకాయన కాళ్లు దగ్గరగా పెట్టమంటాడు, ఇంకొకాయన దూరంగా అంటాడు, మధ్యలో నువ్వు పడిపోతావు.

ఇంకొకటి, నీ ప్రశ్న కింద ఎవరో "నిఖత్ జరీన్ కూడా నిజామాబాద్ వదిలి వెళ్లింది కాబట్టే ఛాంపియన్ అయ్యింది, నువ్వూ మారు" అని రాశారు. వెళ్లింది నిజమే, 2009లో వైజాగ్ సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) సెంటర్‌కు వెళ్లింది, 2011లో జూనియర్ వరల్డ్ ఛాంపియన్, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో వరల్డ్ ఛాంపియన్. కానీ ఆమెకు మొదట నేర్పింది నిజామాబాద్‌లోనే, సంసముద్దీన్ గారు. ఆయన కొడుకు హుసాముద్దీన్ కూడా అక్కడే మొదలుపెట్టి తర్వాత ఆర్మీకి వెళ్లి 2023 తాష్కెంట్ వరల్డ్స్‌లో కాంస్యం తెచ్చాడు. వాళ్లు ఊళ్లో దొరికేది నేర్చుకుని పైస్థాయికి వెళ్లారు. నీది నయీంనగర్ నుంచి హంటర్ రోడ్డుకు వెళ్లడం, దీనికీ దానికీ పోలిక పెట్టకు.

మారాలనే అనుకుంటే సార్‌కు నువ్వే ఎదురుగా చెప్పు. మామతో చెప్పించొద్దు, మెసేజ్ పెట్టొద్దు. నేను గోనెసంచి సార్‌కు చెప్పకుండా పోయి రెండేళ్లు కాజీపేట చౌరస్తా దాటాలంటే వేరే గల్లీ చూసుకునేవాణ్ని. ఒకరోజు టిఫిన్ బండి దగ్గర దొరికిపోయాను. ఆయన ఏమీ అనలేదు, నా ఇడ్లీకి కూడా డబ్బులు ఇచ్చి, "జ్యాబ్ కొడుతున్నావా?" అన్నాడు. కొడుతున్నా సార్ అన్నాను. సరే అని సైకిలెక్కి పోయాడు. తిట్టినా బాగుండేది.

నన్నడిగితే ఇప్పటికిప్పుడు మారకు. ఈ వారం మీ సార్‌ను ఆ ప్రశ్న అడుగు, సాయంత్రాలు హంటర్ రోడ్డు వెళ్లి కూర్చో. అక్కడి సాయంత్రం బ్యాచ్‌లో ఎంతమంది ఉన్నారో, స్పారింగ్ అప్పుడు రింగు పక్కన ఎవరు నిలబడ్డారో ఇక్కడే కింద రాయి, చూసి చెప్తాను.