రాల్ఫ్ బంచ్ గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. జవాబు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. వలసపాలన పోవడానికి జీవితమంతా పనిచేసిన రాల్ఫ్ బంచ్ అనే అమెరికా దౌత్యవేత్త గురించి తెలుగులో ఇంత శ్రద్ధగా రాస్తున్నావంటే నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది.

నువ్వు 1950లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి రావడంతో మొదలుపెట్టావు. ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి మనిషి కదా, అక్కడ మొదలుపెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. నా మొదటి జీవితచరిత్రను నేనూ సన్మానసభతోనే మొదలుపెట్టాను. చదివినవాళ్లకి శాలువా గుర్తుంది, మనిషి గుర్తులేడు. ఆ బాధ నీకు వద్దు.

ఆయన థీసిస్ దగ్గర మొదలుపెట్టి చూడు. 1934లో హార్వర్డ్ పీహెచ్‌డీ వచ్చింది దానికే. ఫ్రాన్సు చేతిలో ఉన్న రెండు ఆఫ్రికా ప్రాంతాలు తీసుకున్నాడు, పక్కపక్కనే ఉన్నవి. డహోమీ (ఇప్పటి బెనిన్) ఫ్రాన్సుకి అచ్చంగా వలస. టోగో మాత్రం నానాజాతి సమితి (ఐక్యరాజ్యసమితికి ముందున్న లీగ్ ఆఫ్ నేషన్స్) అప్పగిస్తే ఫ్రాన్సు చూసుకుంటున్న ప్రాంతం. కాగితాల మీద రెండింటికీ చాలా తేడా. స్వయంగా వెళ్లి చూస్తే జనం బతుకుల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు.

దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నాకైతే ఆయన చేసిన పనంతా ఇందులోంచే వచ్చిందనిపిస్తుంది. 1945లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితి చార్టర్ తయారైనప్పుడు ఆయన అమెరికా బృందంలో ఉన్నాడు. వలసలు, ట్రస్టీషిప్ (అంటే ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణలో కొన్ని ప్రాంతాల్ని ఒక దేశం చూసుకునే ఏర్పాటు) గురించిన అధ్యాయాల ముసాయిదాలో ఆయన చెయ్యి ఉంది. అందులో 87వ అధికరణం తీసి చదువు. ట్రస్టు ప్రాంతాల నుంచి వచ్చే అర్జీలు తీసుకోవచ్చు, ఎప్పటికప్పుడు మనుషుల్ని పంపి అక్కడి పరిస్థితి చూడవచ్చు అని ఉంటుంది. అలా వెళ్లి చూసే ఏర్పాటు నానాజాతి సమితి రోజుల్లో లేదు. అయితే ఆ అధికరణం ఆయనే రాశాడని మాత్రం రాయకు. ఎన్నో దేశాల చేతులు పడ్డ కాగితం అది. థీసిస్‌నీ దాన్నీ పక్కపక్కన పెట్టు చాలు, చదివేవాళ్లే కలుపుకుంటారు.

ఇక మాటల సంగతి. ‘స్వాతంత్ర్యం’ అనే ఒక్క మాటే అన్నిచోట్లా వాడావు. మామూలు వలసల గురించి చెప్పే 73వ అధికరణంలో స్వపరిపాలన అనే ఉంది, స్వాతంత్ర్యం లేదు. ట్రస్టు ప్రాంతాల గురించిన 76వ దాంట్లో స్వపరిపాలన లేదా స్వాతంత్ర్యం అని ఉంది. బ్రిటన్, ఫ్రాన్సు లాంటి దేశాలు తమ వలసల విషయంలో ఆ రెండో మాట పడనివ్వలేదు. మనవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. డొమినియన్ ప్రతిపత్తి చాలదు, పూర్ణ స్వరాజ్యమే కావాలని 1929లో లాహోర్ కాంగ్రెస్ పట్టుబట్టిన సంగతి తెలిసినవాళ్లే. వలస దేశాలన్నిటికీ స్వాతంత్ర్యం ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ 1514వ తీర్మానం చేసేసరికి 1960 డిసెంబరు వచ్చింది. ఒక్క మాటకి 15 ఏళ్లు! నువ్వు ఆ రెండు మాటల్నీ కలిపేస్తే ఆ పోరాటమే కనిపించకుండా పోతుంది.

రోడ్స్ దీవిలో ఇజ్రాయెల్‌కీ అరబ్ దేశాలకీ మధ్య ఆయన నడిపిన 1949 నాటి సంధి చర్చల భాగం బాగుంది, దాన్ని ముట్టుకోకు.

చదువు గురించి ఇంకా రాయాలి. అమ్మ పోయాక అమ్మమ్మ పెంచిన పిల్లాడు. హార్వర్డ్‌లో స్కాలర్‌షిప్ వచ్చినా మిగతా ఖర్చులకి డబ్బుల్లేకపోతే, లాస్ ఏంజెలెస్‌లోని నల్లజాతి వాళ్లు చందాలు వేసుకుని వెయ్యి డాలర్లు పోగుచేసి పంపారు. ఈ వెయ్యి డాలర్లు నీ వ్యాసంలో లేకపోవడం నాకు కష్టంగా అనిపించింది. 1928లో ఆయన వాషింగ్టన్‌లోని హోవార్డ్ యూనివర్సిటీలో రాజనీతిశాస్త్ర విభాగం మొదలుపెట్టాడు. హోవార్డ్, హార్వర్డ్ రెండూ తెలుగులో ఒకేలా కనిపిస్తాయి. అచ్చుతప్పు అనుకుంటారు కాబట్టి, హోవార్డ్ నల్లజాతి విద్యార్థుల కోసం ఉన్న యూనివర్సిటీ అని మొదటిసారే చెప్పెయ్. వాషింగ్టన్‌లో జాతివివక్ష ఎలా ఉంటుందో అక్కడే ఉండి చూశాడు. అందుకే 1949లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ విదేశాంగ శాఖలో పెద్ద పదవి ఇస్తానన్నా మళ్లీ ఆ ఊరికి రానన్నాడు.

చివరిగా కాంగో. 1960 జూన్ 30న దాని రాజధాని లియోపోల్డ్‌విల్‌లో (ఇప్పటి కిన్షాసా) బెల్జియం జెండా దిగినప్పుడు ఐక్యరాజ్యసమితి తరఫున బంచ్ అక్కడే ఉన్నాడు. 73వ అధికరణంలో వలస ప్రజల విద్య కూడా పాలించే దేశం బాధ్యతే అని రాసి ఉంది. అది రాసిన 15 ఏళ్లకి, అంత పెద్ద దేశంలో డిగ్రీ చదివిన కాంగో మనుషులు 30 మంది కూడా లేరు. కొద్ది రోజులకే సైన్యం తిరగబడింది. ఆఫీసులు నడిపిన బెల్జియం వాళ్లు వెళ్లిపోయారు. అర్జీలు తీసుకోవాలని, వెళ్లి చూడాలని చేసిన ఏర్పాట్లలో చెయ్యి ఉన్న మనిషి ఆ ఊళ్లో, ఆ వేసవిలో ఏం చూసి ఉంటాడు? ఆయన మనసులో ఏముందో ఊహించి రాయకు. ఆ ఊరినీ, ఆ రోజుల్నీ చూపించు. దీనికి నువ్వు రెండు వాక్యాలు కేటాయించావు. రెండు పేజీలు రాసి పంపు, దసరా లోపు చదివి పెడతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు