పట్టా వస్తే ఈల చేతికొస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి క్రీడాశాస్త్రంలో డిగ్రీ చేసి ఫుట్‌బాల్ రిఫరీ కావాలనుకుంటున్నాడు. ఈ చదువు అందుకు పనికివస్తుందా?

జవాబు: పనికివస్తుంది గానీ, రిఫరీగా గుర్తింపునిచ్చేది క్రీడా సమాఖ్యే తప్ప విశ్వవిద్యాలయం కాదు కనుక, చదువుకుంటూనే సమాఖ్య నిర్వహించే ప్రాథమిక కోర్సు పూర్తిచేసి, పిల్లల పోటీలతో మొదలుపెట్టమనండి.

డిగ్రీ వల్ల కలిగే లాభం మాత్రం చిన్నది కాదు. పెద్ద స్థాయి మ్యాచ్‌లో రిఫరీ పరుగు, నడక కలిపి సుమారు 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతాడు. ఫిఫా దేహదారుఢ్య పరీక్షలో 40 మీటర్ల పరుగును ఆరుసార్లు తీయాలి. ఆ తర్వాత 75 మీటర్ల పరుగు, 25 మీటర్ల నడక మార్చి మార్చి సాగుతాయి. అలసట ఎప్పుడు, ఎందుకు వస్తుందో వ్యాయామ శరీరధర్మశాస్త్రం చదివినవాడికి తెలుస్తుంది కాబట్టి, తన సాధనను తానే రూపొందించుకోగలడు.

నా దృష్టిలో అంతకన్నా విలువైనది నిర్ణయాలు తీసుకోవడంలో శిక్షణ. పెనాల్టీ ప్రాంతంలో ఇద్దరు ఆటగాళ్లు రిఫరీకి సరిగ్గా ఒకరి వెనుక ఒకరు ఉంటే, కాలు కాలికి తగిలిందో లేదో కనిపించదు. రెండడుగులు పక్కకు జరిగితే వారి మధ్య ఖాళీ కనిపిస్తుంది. తరగతిలో వీడియోను సరిగ్గా ఆ క్షణంలో ఆపి, తీర్పునూ దానికి కారణాన్నీ అడగవచ్చు. ప్రేక్షకుల కేకలు తీర్పును ప్రభావితం చేయగలవని పరిశోధనల్లో తేలింది కాబట్టి, క్రీడా మనస్తత్వశాస్త్రం కూడా అవసరమే. అయితే వీడియోలో ఆటగాళ్లు మీదికి వచ్చి వాదించరు. ఆ ఒత్తిడి మైదానంలోనే అలవాటు కావాలి. అందుకే పాఠ్యప్రణాళికలో నిజమైన మ్యాచ్‌లు నడిపించే అవకాశం, వాటిపై అనుభవజ్ఞుల సమీక్ష ఉన్నాయో లేదో చేరేముందే అడిగి తెలుసుకోండి.