రాయి ఎవరు విసిరారన్నది తర్వాత

తమ్ముడూ,

నీ కథ తీరిగ్గా చదివాను. వినాయక నిమజ్జనం రోజు మసీదు ముందు డీజే ఆగడం, ఎవరో రాయి విసరడం, దుకాణాలు తగలబడటం, చివర్లో రహీం ఇచ్చిన రక్తంతో రాములు బతకడం. మాటల్లో మీ వైపు యాస చక్కగా పలికింది. కానీ ఆ ఊళ్ళో నాకు హిందువులు కనబడ్డారు, ముస్లింలు కనబడ్డారు, మనుషులే కనబడలేదు.

ముందు ఆ రక్తం సీసా తీసెయ్. మన కథల్లో, సినిమాల్లో అది ఎన్నిసార్లు ఎక్కిందో లెక్క లేదు. పైగా అందులో ఒక అవమానం కూడా ఉంది. తాను మంచివాడినని చూపించుకోవడానికి రహీం రక్తం ఇవ్వాలట, రాములుకు మాత్రం ఆ పరీక్షే లేదు! రహీం పిసినారి అయినా, అప్పు ఎగ్గొట్టేవాడైనా, ఊళ్ళో ఎవరికీ పెద్దగా నచ్చని మనిషైనా, వాడి దుకాణం తగలబెట్టడం అన్యాయమే అని పాఠకుడికి తెలియాలి. మంచి ముస్లింను సృష్టించి జాలి పుట్టించడం తేలిక. మామూలు ముస్లిం మనిషి గురించి రాయి, చూద్దాం.

ఇక రాయి సంగతి. అది ఎవరు విసిరారన్న దాన్ని నువ్వు కథకు ఆయువుపట్టు చేశావు. నన్నడిగితే ఊరేగింపు ఆ ఏడాది ఆ బజారు గుండా ఎందుకు వెళ్ళిందన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. పోయినేడు దాకా ఏ దారిన పోయేది? మండపం పర్మిషన్ కాగితంలో ఏ రూటు రాశారు? డీజేకు డబ్బు ఎవరిచ్చారు, వచ్చే సర్పంచ్ ఎన్నికల్లో నిలబడాలనుకుంటున్న మనిషా? మసీదు ముందు ట్రాక్టరు ఆగింది నమాజు వేళకా, కాదా? ఇవి నువ్వు కథలో చెప్పకపోయినా పర్వాలేదు. నీకు మాత్రం తెలిసి ఉండాలి.

పండుగ ముందు పోలీస్ స్టేషన్‌లో శాంతి కమిటీ మీటింగ్ పెడతారు చూడు, వీలైతే ఒకసారి పోయి వెనక కుర్చీలో కూర్చో. టీ ఇస్తారు. ఏటా వచ్చే పెద్దమనుషులే రెండు వైపులా కూర్చుంటారు. మాట ఇచ్చేది వాళ్ళు, ఊరేగింపులో ఎగిరేది వాళ్ళ మాట వినని పిల్లలు. తర్వాత ఆ పిల్లల్నే తహసీల్దారు ముందు బైండోవర్ చేస్తారు, అంటే ఇక గొడవ చెయ్యమని పూచీకత్తు రాయించుకుంటారు. నిర్మల్, జగిత్యాల వైపు ఊళ్ళలో అయితే దీని వెనక ఇంకో కథ ఉంటుంది. అక్కడ రెండు మతాల కుర్రాళ్ళూ గల్ఫ్‌కు పోయేవాళ్ళే. గొడవలో కేసు పడితే పాస్‌పోర్టు వెరిఫికేషన్ దగ్గర ఫైలు ఆగుతుందని తల్లిదండ్రుల టెన్షన్. కొడుకు పేరు ఎఫ్ఐఆర్‌లో లేకుండా చూసుకోవడానికి ఒక తండ్రి ఎవరి కొడుకు పేరు చెబుతాడు? నీ కథ అక్కడ మొదలుపెట్టినా నాకు అభ్యంతరం లేదు.

చిన్న విషయం, పనిలో పనిగా. నీ కథ జరిగింది పోయినేడు అన్నావు, ఎస్ఐ నోట 144 సెక్షన్ అనిపించావు. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 163 వచ్చింది. మతాల మధ్య శత్రుత్వం రెచ్చగొడితే పెట్టే ఐపీసీ 153ఏ పోయి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 196 అయింది. కాగితం మీద కొత్త నంబరు రాయి. జనం మాత్రం ఇంకా '144 పెట్టారు' అనే అంటారు, దాన్ని దిద్దకు.

పీర్ల పండుగ మీద నువ్వు రాసిన పేజీ అందంగా ఉంది, అదే నా అనుమానం. అందరూ కలిసి అలావా నిప్పుల గుండం చుట్టూ ఆడేవారు, ఇప్పుడు అంతా పోయింది అని నిట్టూర్చావు. ఒక్క ముస్లిం ఇల్లు కూడా లేని ఊళ్ళలో పీర్లను ఎత్తే బీసీ కుటుంబాలు తెలంగాణలో, రాయలసీమలో ఉన్నాయి. అనంతపురం వైపు గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గరికి మొహర్రంలో వేలమంది హిందువులు ఇప్పటికీ పోతారు. కాబట్టి అంతా పోయిందనడం నిజం కాదు. పోయిన చోట ఎలా పోయిందో చూడు. పీర్లు ఎత్తడం మన దీన్‌లో, అంటే మతంలో లేదని కొత్తగా చదువుకొచ్చిన ముస్లిం కుర్రాడు తాతతో అంటాడు. తురకల పండుగ మనకెందుకని ఇవతలి కుర్రాడు తన తాతతో అంటాడు. పీర్ల కొట్టం ముందు ఇద్దరు ముసలివాళ్ళు మిగులుతారు, ఎత్తడానికి భుజాల్లో బలం లేదు. ఇందులో ఎవరూ ఎవరినీ కొట్టలేదు, పోలీసులు రాలేదు. అయినా నీ డీజే సన్నివేశం కంటే ఎక్కువే జరిగింది.

నీ కథలో తాత '48లో ఏం జరిగిందో మాకు తెలుసు' అని ఒక మాట అని ఊరుకుంటాడు. అలా ఊరుకోనివ్వకు. ఏ ఇంట్లో కూర్చుని అంటున్నాడన్న దాన్ని బట్టి ఆ మాటకు అర్థం మారిపోతుంది. ఒక ఇంట్లో 48 అంటే నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు, 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి ఊరి మీద పడి జనాన్ని వరసగా నిలబెట్టి కాల్చిన రజాకార్లు. ఇంకో ఇంట్లో 48 అంటే సెప్టెంబరు, హైదరాబాద్‌ను భారత్‌లో కలిపిన పోలీసు చర్య, దాని వెంట వచ్చిన ముస్లింల ఊచకోత. దాన్ని విచారించడానికి కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ హైదరాబాద్ సంస్థానం మొత్తం మీద 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఎక్కువ నష్టం మరాఠీ, కన్నడ జిల్లాల్లో. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ప్రతి ఇంట్లోనూ పిల్లలకు సగమే చెప్పారు. ఆ సగం అబద్ధం కాదు, అదే చిక్కు. రజాకార్లు చంపినవాళ్ళలో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఉన్నాడని, విసునూరు దేశ్‌ముఖ్ అనే భూస్వామి మీద భూమి కేసులో గట్టిగా నిలబడి హత్యకు గురైన బందగీ ముస్లిం రైతని నీ తాతకు తెలుసా? తెలిసీ మనవడికి చెప్పలేదా? ఈ రెండింటిలో ఏదో తేల్చుకుంటే నీకు మంచి పాత్ర దొరుకుతుంది.

దీనికి అటు చివర ఇంకో ప్రమాదం ఉంది. అంతా ఇనాం భూమి గొడవే, ఖబరస్తాన్ హద్దు గొడవే, మతం ఉత్త ముసుగు అని తేల్చెయ్యడం. నా తరంలో చాలామందికి ఈ తీర్పు ఇష్టం. భూమి ఉంటుంది నిజమే, వక్ఫ్ సర్వే నంబరు పక్కన ఎవరి ప్లాటు ఉందో తప్పకుండా కనుక్కో. కానీ పొద్దున్నే చన్నీళ్ళు పోసుకుని హనుమాన్ మాల వేసుకున్న పిల్లవాడి భక్తి నిజమే, ఎండలో రోజా ఉండి తాపీ పని చేసే మేస్త్రీ భక్తీ నిజమే. ఆ భక్తిని నువ్వు గౌరవించకపోతే అది ఎప్పుడు, ఎవరి చేతిలో కర్రగా మారుతుందో నీకు కనబడదు.

సమతూకం గురించి అడిగావు. అటు ఒక ఇల్లు కాలితే ఇటూ ఒక ఇల్లు కాలినట్టు రాయాలా అని. అక్కర్లేదు. 2008 అక్టోబరులో భైంసాలో దుర్గ నిమజ్జనం ఊరేగింపు దగ్గర మొదలైన గొడవ, దగ్గరలోని వటోలి గ్రామంలో ఒక ముస్లిం కుటుంబంలో ఆరుగురిని ఇంట్లోనే కాల్చి చంపడం దాకా వెళ్ళింది. వాళ్ళలో పిల్లలున్నారు. అలాంటి చోట తక్కెడ పట్టుకుని కూర్చునే రచయిత అబద్ధం రాస్తున్నాడు. బైరాన్‌పల్లి గురించి రాసేటప్పుడూ అంతే. జరిగింది జరిగినట్టు రాయి. ఇరువైపుల వాళ్ళనూ మనుషులుగా చూడు, అంతవరకే నీ సమతూకం.

గొడవ అయిన మర్నాడు నుంచి ఆరు నెలల దాకా ఏం జరిగిందన్నది నీ కథలో ఒక్క వాక్యం. అది పెంచు, డీజే పేజీలు తగ్గించు. ఉద్దెర ఇచ్చే కిరాణం వాడు కొందరిని నగదు అడగడం. దావతుకు మేకను హలాల్ చేయడానికి ఎప్పుడూ వచ్చే ముల్లాను ఈసారి పిలవకపోవడం, అతను ఆ ఇంటి మీదుగానే బజారుకు పోవాల్సి రావడం. ఎక్కడిదో పాత వీడియోను మన ఊరిదేనని వాట్సాప్‌లో పంపినవాడే శాంతి ర్యాలీలో ముందు నడవడం. జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళు మాత్రం వారం తిరక్కుండానే మళ్ళీ ఆ దర్జీ ఇంటికి, వెనక గుమ్మం నుంచి పోవడం. నీ కథలో ఆడవాళ్ళు ఏడవడానికి తప్ప రాలేదు. ఊరు మళ్ళీ మాట్లాడుకోవడం మొదలయ్యేది చాలాసార్లు వాళ్ళ దగ్గరే. అది ప్రేమ వల్లే అనుకోకు, పండుగకు జాకెట్ కావాలి కదా!

ఇంకొకటి. ఊరి పేరు మార్చు. పేరు మార్చి, చెరువు కట్ట మీద గుడి, దాని పక్క మర్రిచెట్టు అలాగే ఉంచితే లాభం లేదు. అవన్నీ మార్చు. నీ కథ అచ్చయ్యాక నువ్వు పట్నంలో ఉంటావు, ఆ ఇళ్ళ వాళ్ళు అక్కడే ఉంటారు. కేసు ఇంకా కోర్టులో నడుస్తుంటే సాక్షులను పోలిన పాత్రలు అసలే వద్దు.

తిరగరాశాక పంపు. దసరా లోపు తొందరేమీ లేదు. అక్షరం కాస్త పెద్ద సైజులో ప్రింట్ తీయించు, ఫోన్‌లో చదవడం నా వల్ల కాదు.

ప్రేమతో,
అన్నయ్య