టెక్సాస్‌లో లైసెన్స్ సస్పెండ్ అయిందా? ఆఫీసుకు కారు నడపాలంటే ఇన్సూరెన్స్ సంగతి

హెచ్1బీ మీద వచ్చినవాళ్ల టెక్సాస్ లైసెన్స్ మీద ‘లిమిటెడ్ టర్మ్’ అని ఉంటుంది. దాన్ని చూసి కంగారు పడకండి. అమెరికాలో ఉండటానికి మీకున్న అనుమతి గడువే లైసెన్స్ గడువు కూడా అని మాత్రమే దాని అర్థం. ఇక్కడ చెప్పేది వేరే: లైసెన్స్ సస్పెండ్ అయ్యాక ఉద్యోగం కోసం కోర్టు అనుమతితో తెచ్చుకునే ‘ఆక్యుపేషనల్ లైసెన్స్’ గురించి.

తాగి నడిపినవాళ్లకే ఈ తిప్పలు అనుకోవద్దు. 12 నెలల్లో 4 ట్రాఫిక్ నేరాలు ఖరారైనా, 24 నెలల్లో 7 ఖరారైనా సస్పెండ్ చేయవచ్చు. టికెట్ రాగానే ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేస్తే నేరం ఒప్పుకున్నట్టే లెక్క. ఇన్సూరెన్స్ లేకుండా నడిపి రెండోసారి దొరికి శిక్ష పడినా సస్పెండ్ అవుతుంది. తాగి నడిపిన (డీడబ్ల్యూఐ) కేసులో సస్పెన్షన్ నోటీసు అందిన 15 రోజుల్లోపు హియరింగ్ అడగాలి. ఆ గడువు దాటితే 40వ రోజు నుంచి లైసెన్స్ ఆగిపోతుంది.

కోర్టులో పిటిషన్ వేసేటప్పుడు ఆఫీసు టైమింగ్స్‌తో మేనేజర్ లెటర్ పెట్టండి. జడ్జి మామూలుగా రోజుకు 4 గంటలే ఇస్తారు. అవసరం రుజువు చేస్తే 12 గంటల దాకా ఇవ్వొచ్చు. ఆర్డర్‌లో ఉదయం 7 నుంచి 9, సాయంత్రం 5 నుంచి 7 అని రాశారనుకోండి. సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండి ఏడున్నర దాకా కూర్చున్న రోజు మీరు కారు తీయకూడదు, ఉబర్ ఎక్కాల్సిందే. ఇల్లు ఫ్రిస్కో, ఆఫీసు ఇర్వింగ్ అయితే దారిలో కౌంటీలు మారతాయి. అవన్నీ ఆర్డర్‌లో ఉండాలి. పిల్లల స్కూలు, సరుకులు కూడా అవసరాల కిందికే వస్తాయి, ముందే అడిగి రాయించుకోండి. క్లయింట్ మారి ఆఫీసు చోటు మారితే ఆర్డర్ కూడా మార్పించుకోవాలి. దాన్ని దాటి నడపడం క్లాస్ బీ మిస్‌డిమీనర్ అనే నేరం: 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా.

ఇక ఈ లైసెన్స్‌కు తప్పక కావాల్సిన ఎస్‌ఆర్-22. ఇది విడిగా ఒక ఇన్సూరెన్స్ పాలసీ కాదు. మీకు పాలసీ ఉందని కంపెనీ డీపీఎస్‌కు (లైసెన్సులు ఇచ్చే టెక్సాస్ ప్రభుత్వ శాఖ) పంపే పత్రం. కార్లో పెట్టుకునే ఇన్సూరెన్స్ కార్డు దీని బదులు చెల్లదు. ఫైలింగ్ ఫీజు చిన్నదే, ప్రీమియం పెరగడమే అసలు భారం. అన్ని కంపెనీలూ దీన్ని ఫైల్ చేయవు కాబట్టి కొటేషన్ అడిగేటప్పుడు మొదటి ప్రశ్న ఇదే కావాలి. కనీస లయబిలిటీ (ఎదుటివారి నష్టానికి కట్టే కవరేజీ) 30/60/25, అంటే ఒక మనిషి గాయాలకు 30,000 డాలర్లు, యాక్సిడెంట్ మొత్తానికి 60,000, ఎదుటివారి ఆస్తికి 25,000. ఇప్పటి కార్ల ధరలకు ఆ 25,000 ఏ మూలకూ సరిపోదు. వీలైతే 100/300/100 తీసుకోండి.

మనవాళ్లకు ఎక్కువగా చిక్కు వచ్చేది పేరు దగ్గరే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసా మీద ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) పడుతుంది, అదే లైసెన్స్ మీదికీ వస్తుంది. పాలసీలో మాత్రం ఏజెంట్ ఇంటిపేరు, పేరు తనకు తోచిన వరుసలో రాస్తాడు. పేరు, పుట్టిన తేదీ, లైసెన్స్ నంబరు అక్షరం పొల్లు పోకుండా కలవకపోతే ఆ ఎస్‌ఆర్-22 మీ రికార్డుకు ఎక్కకుండా పోవచ్చు. లైసెన్స్ ఫోటో పంపి, అందులో ఉన్నట్టే టైప్ చేయమనండి.

సొంత కారు లేకపోతే నాన్-ఓనర్ పాలసీ మీద ఎస్‌ఆర్-22 తీసుకోవచ్చు. కానీ రూమ్మేట్ కారును రోజూ వాడుకునేవారికి అది పనికిరాదు. ప్రీమియం తగ్గుతుందని భార్య పాలసీలోంచి మీ పేరు మినహాయించుకుంటే ఆ కారు మీరు నడిపిన రోజు ఆ పాలసీ వర్తించదు.

కోర్టు ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ, పిటిషన్, ఎస్‌ఆర్-22, ఏడాదికి 10 డాలర్ల ఫీజు, దాంతోపాటు సస్పెండైన లైసెన్స్ పునరుద్ధరణకు కట్టే రీఇన్‌స్టేట్‌మెంట్ ఫీజు కలిపి డీపీఎస్‌కు పంపాలి. జడ్జి సంతకం చేసిన రోజు నుంచి 45 రోజుల పాటు ఆ ఆర్డరే లైసెన్స్‌గా చెల్లుతుంది. కార్డు వచ్చాక కూడా ఆర్డర్ కాపీ కార్లో ఉంచండి.

సాధారణంగా శిక్ష పడిన తేదీ నుంచి 2 సంవత్సరాలు ఎస్‌ఆర్-22 ఉండాలి. మధ్యలో పాలసీ ఆగితే కంపెనీ వెంటనే డీపీఎస్‌కు చెబుతుంది, లైసెన్స్ మళ్లీ పోతుంది. ఇండియాకు నెల రోజులు వెళ్తున్నాం కదా అని పాలసీ ఆపేసేవాళ్లున్నారు, ఆ పని చేయకండి. ఆటోపే కార్డు గడువు చూసుకోండి, కుదిరితే ఆరు నెలలది ఒకేసారి కట్టేయండి. కంపెనీ మారాలంటే కొత్త ఎస్‌ఆర్-22 డీపీఎస్‌లో నమోదయ్యాకే పాతది రద్దు చేయించాలి.

డీడబ్ల్యూఐ అరెస్ట్ అయితే ఇంకో సంగతి: శిక్ష పడకపోయినా పాస్‌పోర్టు మీద ఉన్న స్టాంపింగ్ వీసాను రద్దు చేసే అవకాశం ఉంది. అమెరికాలో ఉండే అనుమతి (స్టేటస్) అలాగే ఉంటుంది గానీ దేశం దాటి తిరిగి రావాలంటే కొత్త వీసా కావాలి. టికెట్ బుక్ చేసేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి.

రెండేళ్లు నిండాయని మీరే లెక్కేసుకుని ఎస్‌ఆర్-22 తీయించేయకండి. డీపీఎస్ వెబ్‌సైట్‌లో లైసెన్స్ ఎలిజిబిలిటీ చూసి, అక్కడ బాకీ ఏమీ లేదని తేలాకే ఏజెంట్‌కు చెప్పండి.