పుస్తకాల మాట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే సంగతి చుట్టూ తిరిగాయి: చదువుతున్న పుస్తకం గురించి స్నేహితులకు చెప్పడం, వాళ్లతో కలిసి చదవడం, వాళ్లకు ఇవ్వడం.

నాకు నచ్చిన పుస్తకం గురించి చెబితే స్నేహితులు “తప్పకుండా చదువుతాం” అంటారు. ఎవరూ చదవరు. ఎలా చెప్పాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

“చాలా బాగుంది, చదువు” అంటే వినేవాళ్లకు పట్టు దొరకదండీ. ముందుగా, పదిమందికి ఒకేసారి చెప్పడం మానండి. ఒక పుస్తకం, ఒక మనిషి. ఆ మనిషిని ఈమధ్య ఆఖరి పేజీదాకా చదివిన పుస్తకం ఏదని అడగండి. ఏది ఇష్టమని అడిగితే ఎప్పుడో కాలేజీ రోజుల్లో చదివినది చెబుతారు. ఆఖరిదాకా చదివిందేదో తెలిస్తే ఇప్పుడు ఎంత లావు పుస్తకం చదవగలరో, ఎలాంటి భాష హాయిగా ఉంటుందో మీకు అర్థమవుతుంది.

ఇక చెప్పవలసినవి: ఎన్ని పేజీలు, కథ ఏ ఊళ్లో ఏ కాలంలో నడుస్తుంది, ఏ యాస, ఎక్కడ నెమ్మదిస్తుంది, ఎక్కడ దొరుకుతుంది. వీటిలో యాస సంగతే ఎక్కువమంది మరిచిపోతారు. చిత్తూరు పల్లె మాటల్లో రాసిన కథలు గోదావరి పాఠకుడికి మొదట్లో కొరుకుడు పడకపోవచ్చు. రెండు మూడు కథలయ్యాక చెవికి అలవాటవుతాయి. ఆ మాట ముందే చెబితే ఓపిక పడతారు. చెప్పకపోతే పదో పేజీలో మూసేసి, తప్పు తమదే అనుకుంటారు. గ్రాంథికమైతే మొదటి నాలుగు పేజీలు పైకి చదవమనండి. సంధుల దగ్గర ఎక్కడ ఆగాలో నోటికే తెలిసిపోతుంది.

ఇలా రాసి పంపండి: “160 పేజీల నవల. గుంటూరు వైపు పల్లె, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల రోజులు. మొదటి 30 పేజీల్లో చుట్టాలు ఎక్కువ, ఎవరికి ఎవరేమవుతారో ఒక కాగితం మీద రాసుకో. సంత దగ్గరనుంచి కింద పెట్టలేవు. మీ తాతయ్య కబుర్లు నువ్వు చెబుతుంటావే, ఇందులో అలాంటి ముసలాయన ఉన్నాడు.” ఆ చివరి వాక్యం కోసమే మిగతాదంతా చదువుతారు. దానితోపాటు ఒక పేజీ ఫోటో పెట్టండి. మొదటి పేజీ వద్దు. నలభయ్యో పేజీ ప్రాంతంలో బాగా మాటలు నడిచే పేజీ అయితే మేలు.

భాగాలుగా వచ్చిన పుస్తకమైతే మొత్తం ఒకేసారి నెత్తిన పెట్టకండి. ‘బారిష్టరు పార్వతీశం’ మూడు భాగాలు. 1924లో వచ్చిన మొదటి భాగం మొగల్తూరునుంచి ఇంగ్లండుకు వెళ్లే ప్రయాణం. అది ఒక్కటీ చదవమంటే చాలు, మిగతావి వాళ్లే అడుగుతారు.

పదిరోజులయ్యాక ఒక్కసారి పలకరించండి. “చదివావా?” అంటే సంజాయిషీ అడిగినట్టుంటుంది. “సంత దాకా వచ్చావా?” అనండి.

ఎనిమిదిమందిమి ‘ఇప్పుడు చదువుతున్నది’ అని వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. రెండు నెలలకే శుభోదయాలు, పీడీఎఫ్‌లతో నిండిపోయింది.
– ఒక పాఠకుడు, వరంగల్

వారంలో ఒక రోజు ఖాయం చేసుకోండి. ఆదివారం సాయంత్రం ఆరునుంచి తొమ్మిది దాకా అనుకుంటే, మిగతా రోజుల్లో అడ్మిన్‌లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చేయండి. ఒక్కొక్కరు నాలుగు వరుసలు రాస్తే చాలు: పుస్తకం పేరు, ఎన్నో పేజీలో ఉన్నారు, ఈ వారం మనసులో నిలిచిన ఒక సంగతి, ఒక సందేహం. “ఈ వారం చదవలేదు” అని రాయడానికీ చోటుండాలి. అది లేకనే జనం మొహమాటపడి మాట్లాడడం మానేస్తారు, గ్రూపు చల్లబడుతుంది. మధ్యలో ఆపేసిన పుస్తకం గురించి, ఎందుకు ఆపేశారో కూడా రాయమనండి. నచ్చినవాటి జాబితాకంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

పీడీఎఫ్‌ల విషయంలో గట్టిగా ఉండండి. మన చట్టం ప్రకారం రచయిత బతికున్నంత కాలమూ, పోయిన తర్వాతి ఏడాదినుంచి 60 ఏళ్లూ హక్కులుంటాయి. 1915లో పోయిన గురజాడ రచనలు ఎవరైనా పంచుకోవచ్చు. 1962లో పోయిన గోపీచంద్ రచనలకు 2022తో గడువు తీరింది. 1979లో పోయిన చలం రచనలకు 2039 చివరిదాకా ఉంది. ఈ లెక్క గ్రూపు వివరణలో రాసి పెట్టండి. తెలుగు పుస్తకం ఒక ముద్రణలో వెయ్యి కాపీలు వేయడం కూడా గొప్పే అయిన రోజుల్లో, ఒక్క ఫార్వర్డు చేసే నష్టం చిన్నది కాదు.

హైదరాబాద్‌లో ముగ్గురం, డాలస్‌లో ఇద్దరం కలిసి ‘కన్యాశుల్కం’ చదువుదామనుకున్నాం. పేజీలు కలవడం లేదు, టైమూ కుదరడం లేదు.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

పేజీలు కలవకపోతే ముందు చూడవలసింది అందరి దగ్గరా ఉన్నది ఒకే నాటకమా అని. 1897లో అచ్చయినది వేరు, 1909లో గురజాడ తిరగరాసినది వేరు. రెండోది చాలా పెద్దది, మధురవాణి పాత్ర అందులోనే అంతగా పెరిగింది. బజారులో మామూలుగా దొరికేది అదే. కానీ తొలి కూర్పూ విడిగా అచ్చులో వచ్చింది కాబట్టి ముందుమాట చూసుకోండి. ఆ తర్వాత పేజీలు వదిలేసి అంకం, స్థలం (అంటే రంగం) చెప్పుకోండి. మొత్తం 7 అంకాలు. వారానికి ఒకటి, పొడుగు అంకాన్ని రెండు వారాలకు పంచండి. నాటకం కాబట్టి కలిసినప్పుడు పాత్రలు పంచుకుని పైకి చదివితే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

టైముకి: డాలస్‌లో శనివారం రాత్రి 9 అంటే మనకు ఆదివారం పొద్దున 7:30. అక్కడ నవంబరు మొదటి ఆదివారం గడియారం వెనక్కి తిప్పాక, మార్చి రెండో ఆదివారం దాకా 8:30. ఆ రెండు తేదీలూ గుర్తుపెట్టుకోకపోతే ఏటా రెండుసార్లు ఎవరో ఒకరు గంటసేపు ఖాళీ తెర చూస్తూ కూర్చుంటారు.

పుస్తకం ఇస్తే తిరిగి రాదు. వచ్చినా పేజీలు ఊడి వస్తుంది.
– ఒక పాఠకుడు, ఒంగోలు

చాలామంది కావాలని ఉంచేసుకోరు, ఎవరిదో మరిచిపోతారు. లోపలి అట్ట మీద పేరు, ఇచ్చిన తేదీ పెన్సిలుతో రాయండి. పుస్తకం పట్టుకున్న మనిషిని ఫోటో తీసి అతనికే పంపండి. నెల తర్వాత ఆ ఫోటో మళ్లీ పంపితే అడగక్కర్లేకుండానే గుర్తొస్తుంది. ఒకరికి ఒకసారి ఒకటే. మళ్లీ ముద్రణ కానిది ఇంటికి పిలిచి చదివించండి, బయటికివ్వకండి. పదే పదే ఇవ్వాలనిపించే పుస్తకానికి హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద రెండో కాపీ వెతుక్కోండి.

పేజీలు ఊడేది గమ్ముతో అంటించిన పుస్తకాలకు. దారంతో కుట్టినవి నిలుస్తాయి. గమ్ము బైండు పుస్తకాన్ని రెండు వైపులా బల్లపరుపుగా తెరిచి అదిమితే వీపు పగులుతుంది, అక్కడినుంచి పేజీలు జారతాయి. ఇచ్చేటప్పుడే ఆ మాట చెప్పండి. ఊడిన పేజీకి సెల్లోటేపు వేయకండి: కొన్నాళ్లకు పసుపెక్కి, జిగురు కాగితంలోకి దిగి అక్షరాలమీద మరక కడుతుంది. పేజీ అంచుకి సన్నని బ్రష్షుతో వెంట్రుకవాసి ఫెవికాల్ రాసి, వీపుదాకా జొనిపి, అటూఇటూ మైనపు కాగితం పెట్టి, రాత్రంతా బరువు కింద ఉంచండి. నాలుగు పేజీలకంటే ఎక్కువ ఊడితే బైండింగు షాపులో కుట్టించడమే మేలు.

ఇంగ్లీషు మీడియంలో చదివిన స్నేహితురాలికి తెలుగులో ఏమివ్వను?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

నవల వద్దు. నాలుగైదు పేజీల కథలివ్వండి. ‘అమరావతి కథలు’ వందా అంత చిన్నవే, బాపు బొమ్మలతో వచ్చాయి. ఎక్కడ తెరిచినా మొదలుపెట్టవచ్చు. మొదటి కథ మీరు ఫోన్లో చదివి వినిపించండి, ఆమె పుస్తకంలో వేలు పెట్టి మీ వెంట రావాలి. రెండోది ఒక పేరా మీరు, ఒక పేరా ఆమె. ఒత్తుల దగ్గర తడబడితే వెంటనే దిద్దకండి, పేరా అయ్యాక చెప్పండి.