పై రెక్క ఇప్పుడే అతికించకు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. సాప్‌విత్ క్యామెల్ మోడల్ విమానం కిట్ తెరిచిన మొదటి గంటలోనే ప్లాస్టిక్ ఫ్రేముల్లోంచి ముక్కలన్నీ కత్తిరించేసి బల్ల మీద పరిచావు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది గానీ, నంబర్లు ఫ్రేమ్ మీద ఉంటాయి తల్లీ, ముక్కల మీద ఉండవు. రెండు రెక్కల మధ్య నిలబడే కర్రల్లో, అంటే స్ట్రట్లలో, ముందుది ఏదో వెనకది ఏదో ఇక నువ్వే పోల్చుకోవాలి. రెంటికీ తేడా ఒక్క మిల్లీమీటరే ఉండొచ్చు. ఇవాళే కూర్చుని, సూచనల కాగితంలో బొమ్మతో సరిచూసుకుని, ఒక్కో జతనీ ఒక్కో చిన్న కవర్లో వేసి నంబరు రాసి పెట్టు. ఆ పని అయ్యాకే మిగతా ఉత్తరం చదువు.

మొదటి బైప్లేన్‌కే, అంటే ఒకదాని మీద ఒకటిగా రెండు రెక్కలుండే విమానానికే, సాప్‌విత్ క్యామెలా అని ఎవరైనా భయపెడితే పట్టించుకోకు. రెక్కల మధ్య బిగించే తీగల గురించే వాళ్ల భయమంతా. ఫోకర్ డి.7 లాంటివి ఒకటి రెండు తప్ప, మొదటి ప్రపంచ యుద్ధం నాటి బైప్లేన్ ఏది తీసుకున్నా తీగలు తప్పవు. క్యామెల్‌కి నయం, ఒక్కో పక్క ఒక్క జత స్ట్రట్లే. 1/48 స్కేల్, అంటే అసలులో 48వ వంతు, తీసుకోవడం కూడా మంచిదైంది. అసలు విమానం రెక్క ఈ చివర నుంచి ఆ చివరకి 8.53 మీటర్లు, నీ బల్ల మీదకి వచ్చేసరికి 17.8 సెంటీమీటర్లు. అదే 1/72 అయితే 12 సెంటీమీటర్లు కూడా రాదు. అంత చిన్నదానికి తీగలు కట్టడం కళ్లకి శిక్ష.

నా మొదటి క్యామెల్ కథ మీ అమ్మకి తెలుసు, అడిగితే నవ్వి నవ్వి చెబుతుంది. పై రెక్క బల్ల మీద పెడితే చదునుగా ఉంది. కింది రెక్కలు చూస్తే చివర్లకి వచ్చేసరికి పైకి లేచి ఉన్నాయి. రెండూ ఒకేలా ఉండాలి కదా, పై రెక్క అచ్చులోంచి తప్పుగా వచ్చిందనుకున్నాను. వేడినీళ్లలో ముంచి, వేళ్లతో మెల్లమెల్లగా వంచి, కింది రెక్కలకి సరిపోయేలా తెచ్చాను. ఎంత ఓపిగ్గా చేశానో! అంతా అతికించాక అసలు విమానం ఫోటో పక్కన పెట్టుకుంటే అప్పుడు తెలిసింది. తయారీ తేలికగా ఉండాలని సాప్‌విత్ కంపెనీ వాళ్లు పై రెక్కని కావాలనే చదునుగా ఉంచారు, దానికి బదులు కింది రెక్కలకి వాలు రెట్టింపు చేశారు. అందుకే క్యామెల్‌ని ఎదురుగా చూస్తే రెక్కల మధ్య ఖాళీ నడిమిట్లో ఎక్కువ, చివర్లకి పోయేకొద్దీ తక్కువ. దాన్ని దూరం నుంచే గుర్తుపట్టేది అక్కడే, నేను సరిగ్గా దాన్నే చెరిపేశాను. నీ పై రెక్క చదునుగా లేకపోతేనే కంగారు పడు.

రెండో తప్పు అంతకంటే పెద్దది. అప్పటిదాకా చేసినవన్నీ ఒంటి రెక్క విమానాలే కనుక, అలవాటు కొద్దీ అన్నీ అతికించేసి రంగు చివర్లో వేద్దామనుకున్నాను. రెండు రెక్కల మధ్య బ్రష్ దూర్చితే స్ట్రట్‌కి తగిలేది, స్ట్రట్ తుడవబోతే రెక్క మీద వేలిముద్ర పడేది. బైప్లేన్‌లో రెక్కల మధ్య ఖాళీని ముందు పూర్తి చేయాలి, ఆ తర్వాతే మూయాలి. ఆ ఖాళీలో కనిపించేవన్నీ, అంటే కింది రెక్క పైభాగం, పై రెక్క అడుగు, స్ట్రట్లు, కాక్‌పిట్, తుపాకులు, విమానం ఒంటి మీది డెకాల్స్ (అతికించే గుర్తులు), తీగల రంధ్రాలు, అన్నీ అయిపోయాకే పై రెక్క ఎక్కాలి. నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

కాక్‌పిట్ మీద మాత్రం వారాలు గడపకు. మూసేశాక అందులో కనిపించేది సీటు, బెల్టులు, కొద్దిగా డాష్‌బోర్డు. చెక్క రంగు ఒక్కటి బాగా రావాలి. లేత గోధుమరంగు వేసి ఆరనివ్వు. దాని మీద ముదురు గోధుమ రంగు ఆయిల్ పెయింట్ చుక్క పెట్టి, దాదాపు ఎండిన బ్రష్‌తో ఒకే దిక్కుకి లాగు. చారలు వాటంతట అవే వస్తాయి. ప్రొపెల్లర్‌కీ, స్ట్రట్లకీ ఇదే పద్ధతి.

ఇంజను సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే మరకలు ఎక్కడ వేయాలో దాన్నిబట్టే తెలుస్తుంది. క్యామెల్‌కి ఎక్కువగా వాడింది 130 హార్స్‌పవర్ క్లెర్జే రోటరీ. అందులో తొమ్మిది సిలిండర్లూ ప్రొపెల్లర్‌తో పాటు గిర్రున తిరిగేవి, మధ్య ఇరుసు కదలదు. అంత బరువు ముక్కు దగ్గర తిరుగుతుంటే విమానం కుడికి ఇట్టే తిరిగిపోయేది. కొత్తగా నేర్చుకునే పైలట్లు చాలామంది దీని చేతిలోనే పోయారు. ఇక ఇంజనుకి పోసేది ఆముదం, పెట్రోలులో కరిగిపోదని. పోసిన ఆముదం తిరిగి ట్యాంకులోకి రాదు, గాలిలోకి చిమ్మాల్సిందే. కాబట్టి మరకలు కౌలింగ్ (ఇంజను చుట్టూ ఉండే రేకు) వెనక, పొట్ట కింద, పల్చటి గోధుమ రంగులో, కొంచెం మెరుస్తూ ఉండాలి. చాలామంది నల్లటి మసి పూస్తారు. అది లారీ పొగగొట్టంలా ఉంటుంది గానీ ఆముదంలా ఉండదు.

రంగు దగ్గరికి వస్తే, పైభాగాలకి పీసీ10 అని సూచనల్లో చదివే ఉంటావు. పసుపుపచ్చ మట్టిరంగులో మసినలుపు కలిపి చేసేవారు. అది ఆకుపచ్చా, గోధుమా అని మోడల్స్ చేసేవాళ్లు ఇప్పటికీ కొట్టుకుంటారు. కలిపిన నూనెనిబట్టీ, ఎండకి ఎండినదాన్నిబట్టీ మారేది కనుక ఎవరి వాదన వాళ్లదే. నేను గోధుమ వైపు ఒరిగిన ఆలివ్ వేస్తాను. నువ్వు దీని గురించి టెన్షన్ పడకు. అడుగుభాగం రంగు వేయని నారబట్ట, దాని మీద డోప్ (బట్టని బిగించే వార్నిష్) పూత మాత్రమే, కనుక మీగడ రంగు. తెలుపు వేయకు. దాదాపు 5,490 క్యామెళ్లు తయారయ్యాయి, అవన్నీ ఒకే ఫ్యాక్టరీలో కాదు. కనుక కౌలింగ్ రంగు కిట్‌లో రాసినట్టే ఉండాలని రూలేమీ లేదు, నువ్వు చేస్తున్న ఆ ఒక్క విమానం ఫోటో దొరికితే దాన్నే నమ్ము.

ఇప్పుడు పై రెక్క. జోడించే ముందు జిగురు లేకుండా కనీసం మూడు సార్లు కూర్చి చూడు. స్ట్రట్ కొస రంధ్రంలో బిగుతుగా ఉంటే రంగు పొర అడ్డం పడి ఉంటుంది. బ్లేడుతో ఆ కొస మీది రంగు గీకెయ్యి, రంగు మీద జిగురు పట్టదు. క్యామెల్ పై రెక్క చదును కావడం ఇక్కడ మనకి కలిసొస్తుంది. మెత్తటి గుడ్డ పరిచి, పై రెక్కని వెల్లకిలా పెట్టి, స్ట్రట్లని అందులో నిలబెట్టి, మిగతా విమానాన్ని తలకిందులుగా దాని మీదికి దించు. సూపర్ గ్లూ వద్దు, అది పట్టేస్తే సర్దుకోవడానికి టైమ్ ఇవ్వదు. నెమ్మదిగా ఆరే ప్లాస్టిక్ జిగురు పెడితే పది పదిహేను నిమిషాలు చేతిలో ఉంటాయి. మధ్యలో ఒంటికి పట్టే నాలుగు స్ట్రట్లు ముందు కుదరాలి, బయటివి వాటి వెంట వస్తాయి.

ఆ పది నిమిషాల్లో ఏం చూడాలంటే, ఒక దారం తీసుకుని తోక చివర నుంచి కుడి రెక్క కొసకి కొలువు. అదే దారం ఎడమ కొసకి పట్టు. సమానంగా రావాలి. పక్కనుంచి చూస్తే పై రెక్క కింది రెక్క కంటే ముందుకి జరిగి ఉంటుంది, అది తప్పు కాదు, దాన్నే స్టాగర్ అంటారు. కుడి వైపు ఎంత జరిగిందో ఎడమ వైపూ అంతే జరగాలి. రెండు వైపులా అట్టముక్కలు కత్తిరించి ఆనించి రాత్రంతా వదిలెయ్యి. తెల్లారేదాకా ముట్టుకోకు.

ఇక తీగలు. కంఠస్థం చేస్తే ఏ తీగ ఎక్కడికో మర్చిపోతావు, అది చేసే పని తెలిస్తే మర్చిపోవు. ఎగురుతున్నప్పుడు రెక్కలు పైకి మడుచుకుపోవాలని చూస్తాయి. ఆపేవి ఫ్లయింగ్ వైర్లు, ఒంటి అడుగు దగ్గర బయల్దేరి బయటి స్ట్రట్ పైకొసకి పోతాయి. నేల మీద ఆగినప్పుడు రెక్కలు సొంత బరువుకి కిందికి వాలాలని చూస్తాయి. ఆపేవి ల్యాండింగ్ వైర్లు, పైన మధ్య స్ట్రట్ల కొస నుంచి బయటి స్ట్రట్ అడుగుకి. మొదటి వాటి మీద భారం ఎక్కువ, అందుకే జంటగా ఉంటాయి. రెండోవి ఒంటివి. ముందు స్ట్రట్‌కీ వెనక స్ట్రట్‌కీ మధ్య ఇంటూ మార్కులా ఇంకో జత. అయిలెరాన్లు, అంటే రెక్క వెనక అంచున కదిలే పలకలు, నాలుగు రెక్కలకీ ఉంటాయి కనుక, పైదాన్నీ కిందిదాన్నీ కలిపే తీగ కూడా మర్చిపోకు.

బ్రిటిష్ విమానాల్లో ఈ తీగలు గుండ్రంగా ఉండవు, గాలిని కోసేలా బల్లపరుపుగా, అంచులు పల్చగా ఉంటాయి. అసలు తీగ 6 మిల్లీమీటర్ల వెడల్పు ఉందనుకో, నీ స్కేల్‌లో 0.125 మిల్లీమీటర్లు. కుట్టుదారం వాడితే ఓడ తాళ్లలా కనిపించేది అందుకే, పైగా దానికి నూగు ఉంటుంది. నీకు రెండు దారులున్నాయి. ఒకటి సన్నటి సాగే దారం, రిగ్గింగ్ (తీగలు కట్టడం) కోసమే అమ్ముతారు. చేయి తగిలినా తెగదు, వదులు కాదు. మొదటిసారికి నా ఓటు దీనికే. రెండోది గాలానికి వాడే సన్నటి నైలాన్. ఇది చూడ్డానికి బాగుంటుంది గానీ, బిగించే కొద్దీ రెక్కని లాగేస్తుంది. ఒక వైపు అన్నీ పూర్తిచేసి రెండో వైపుకి పోయావంటే విమానం మెడ తిప్పినట్టు తయారవుతుంది. కుడి ఒకటి, ఎడమ ఒకటి, మధ్య నుంచి బయటికి.

రంధ్రాలు రెక్క జోడించకముందే, రంగు వేయకముందే వేసుకోవాలి. 0.3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్, వేళ్లతో తిప్పే చేతి డ్రిల్ చాలు. పై రెక్కకి అడుగు నుంచి సగం లోతే, అవతలికి రాకూడదు. బిట్ కొస నుంచి ఒక మిల్లీమీటరు వదిలి టేపు ముక్క చుట్టుకో, టేపు రెక్కకి తాకగానే ఆగు. కింది రెక్కకి మాత్రం అటూ ఇటూ పోయేలా వెయ్యి.

నైలాన్ అయితే ఇలా. పై రెక్క విడిగా ఉండగానే ఒక్కో రంధ్రంలో దారం కొస పెట్టి, సూది మొనతో సూపర్ గ్లూ చుక్క తాకించు. రెక్క ఎక్కాక ఆ కొసల్ని కింది రెక్క రంధ్రాల్లోంచి దింపు. ఒక్కోదానికి బట్టల క్లిప్పు తగిలించి వేలాడదియ్యి, ఆ బరువుకే దారం బిగుస్తుంది. అడుగు నుంచి గ్లూ చుక్క పెట్టి, ఆరాక మొదలంటా కోసి, ఆ చోట మీగడ రంగు తాకించు. ఎక్కడైనా ఇంకా వదులుగా ఉంటే వెలిగించిన అగరుబత్తి కొస దగ్గరికి తీసుకెళ్లు, తగలనివ్వకు. దారం దానంతటదే బిగుసుకోవడం కళ్లారా చూస్తావు. తగిలిందా, తెగిందే. నేను ఒక్క సాయంత్రం మూడు తెంపాను.

ఇక క్యామెళ్లలో ఏ విమానం గుర్తులు వేయాలని అడిగావు. కెనడా పైలట్ బార్కర్ నడిపిన బి6313 నంబరు విమానం గుర్తులు నీ డబ్బాలో ఉంటే అదే చెయ్యి. ఎక్కువగా ఇటలీ మీద ఎగిరి 46 విజయాలు సాధించింది, బ్రిటిష్ వైమానిక దళంలో ఇంకే ఒక్క ఫైటర్‌కీ లేని లెక్క అది. ఎన్6812 మీద మోజు పడకు. 1918 ఆగస్టు 11న కల్లీ అనే పైలట్ ఓడ వెనక లాగుతున్న బల్లకట్టు మీద నుంచి లేచి జర్మన్ గాలి ఓడ ఎల్ 53 జెప్పెలిన్‌ని కూల్చింది దాంతోనే, ఇప్పుడు లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది. కథ గొప్పదే గానీ అది ఓడల కోసం చేసిన 2ఎఫ్.1. దాని రెక్కలు కాస్త పొట్టి, రెండు విక్కర్స్ తుపాకుల బదులు ఒక విక్కర్స్, పై రెక్క మీద ఒక లూయిస్ తుపాకీ. నీ కిట్ ఎఫ్.1, గుర్తులు మార్చినంత మాత్రాన అది 2ఎఫ్.1 అయిపోదు.

రౌండెల్స్, అంటే గుండ్రటి బ్రిటిష్ గుర్తులు, పై రెక్క పైన, కింది రెక్క అడుగున, ఒంటికి రెండు పక్కలా వస్తాయి. అడుగున ఉన్నవి తీగలు కట్టకముందే అతికించు. తీగలు కట్టిన విమానాన్ని తలకిందులు చేసి పట్టుకోవడానికి చోటు దొరకదు.

పై రెక్కకి జిగురు పెట్టే ముందు మూడు ఫోటోలు పంపు, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, పైనుంచి ఒకటి. ఎంత రాత్రయినా చూస్తాను.

మీ మావయ్య

తా.క. విండ్‌స్క్రీన్ అతికించడానికి సూపర్ గ్లూ వాడకు. దాని ఆవిరికి అద్దం తెల్లగా మంచు పట్టినట్టు అవుతుంది, తుడిచినా పోదు. కాగితాలకి వాడే తెల్ల జిగురు చాలు.